లామినేషన్ చేయించిన జ్వరం

అంబాజీపేటలో పిల్లల ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే బ్లెస్సీని అసలు పేరుతో పిలిచే పిల్లలెవరూ లేరు. సిరంజి వెనక దాచుకుని, "జుయ్" అంటూ వాళ్ళ మీదికి వంగుతుంది. తను మనిషి కాదనీ దోమననీ, ఒక్క గుక్క తాగి ఎగిరిపోతాననీ చెబుతుంది. ఏడవాలో నవ్వాలో పిల్లలు తేల్చుకునేలోగా పని అయిపోతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ అందరికీ దోమాంటీ.

ఆవిడలో మంచీ అదే, చెడ్డా అదే. నోరు ఊరుకోదు. రిపోర్టు చేతిలో పెట్టేటప్పుడు ఏదో ఒక హాస్యం తగిలించందే ఆవిడకి తోచదు. కాగితం మీద ఉన్నది చాలు, పైన నీ వ్యాఖ్యానం వద్దని డాక్టరు విజయగారు ఎన్నోసార్లు మందలించారు. సాలమోను మాస్టారి విషయంలో ఆ నోరే కొంప మీదికి తెచ్చింది.

మాస్టారు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. బ్లెస్సీకి లెక్కలు చెప్పింది ఆయనే. పదో తరగతిలో ఆవిడ మార్కులు ముప్పైనాలుగు దగ్గర ఆపేసి, ఒక్క మార్కు కోసం వారం రోజులు వెంటపడినా కనికరించనిదీ ఆయనే. ఆ మంగళవారం పొద్దున్న నాలుగేళ్ళ మనవరాలు షైనీని ఎత్తుకుని వచ్చారు. దగ్గు, తెల్లవారుజామున మొదలైన జ్వరం. విజయగారు ఛాతీ విని, బాక్టీరియా వల్ల వచ్చే నిమోనియా ఏమోనన్న అనుమానంతో సీఆర్పీ పరీక్ష రాశారు.

సీఆర్పీ అంటే ఒంట్లోకి శత్రువు చొరబడితే కాలేయం రక్తంలోకి వదిలే పదార్థం. మామూలు వైరస్ జలుబుల్లో అది అంతగా పెరగదు. బాక్టీరియా అయితే చాలాసార్లు వంద దాకా ఎగబాకుతుంది. కాకపోతే దానికి కొంచెం బద్ధకం. జ్వరం వచ్చిన పన్నెండు గంటలకి గానీ సరిగ్గా నిద్ర లేవదు.

షైనీకి నాలుగు వచ్చింది. మరీ తొందరగా తీసిన రక్తం కాబట్టి దీన్ని నమ్ముకోవద్దని, రేపు పొద్దున్న మళ్ళీ తీసుకురమ్మని, ఈలోగా ఆయాసం కనిపిస్తే వెంటనే రమ్మని విజయగారు రెండుసార్లు చెప్పారు. మాస్టారు తలూపారు. బయట కాగితం అందిస్తూ బ్లెస్సీ ఊరుకోలేకపోయింది.

"మీ మనవరాలు ఫస్టు క్లాసులో పాసయ్యిందండి మాస్టారూ. మేం మీలా మార్కులు కోసేవాళ్ళం కాదండి."

మాస్టారు నవ్వలేదు. జన్మలో ఏ సర్టిఫికెట్టునీ తేలిగ్గా తీసుకున్న మనిషి కాదాయన. సరాసరి జిరాక్సు షాపుకి వెళ్ళి దానికి లామినేషన్ చేయించారు.

బుధవారం పదకొండయినా షైనీ రాలేదు. ఫోను చేస్తే, ఆయ్, రిపోర్టుందిగా అమ్మా అని మాస్టారు పెట్టేశారు. బ్లెస్సీకి సంగతి అర్థమైంది. డాక్టరుగారు రెండుసార్లు చెప్పింది గాలికి పోయి, తన హాస్యం ఒక్కటే ఆయన చెవిలో మిగిలిందన్నమాట. విజయగారితో చెప్పి స్కూటీ తీసింది.

మాస్టారింట్లో గోడ మీద, ఆయన ప్రశంసాపత్రాల పక్కన, రిపోర్టు తళతళా మెరుస్తోంది. కువైట్లో ఉన్న కూతురికి వీడియో కాల్లో చూపించానని, ఎదురింటి కనకమ్మగారి మనవడికి తొంభై వచ్చిందని, మనకి నాలుగేనని ఆయన చెప్పుకుపోతున్నారు. షైనీ మంచం మీద మగతగా పడి ఉంది. బ్లెస్సీ గౌను పైకి జరిపి, వాచీ చూస్తూ నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టింది. ఈ వయసు పిల్లకి నలభై లోపు ఉండాలి. యాభై నాలుగుంది. డొక్కలు లోపలికి పోతున్నాయి.

"మాస్టారండీ, లేవండి. ఆసుపత్రికి వెళ్దాం."

"నువ్వే కదమ్మా సంతకం పెట్టేవు? ఫస్టు క్లాసన్నావు."

"నాలుగు నిజమండి. ఫస్టు క్లాసు నా నోటిదూలండి. యూనిట్ టెస్టు మార్కులు చూపించి పబ్లిక్ పరీక్ష ఎగ్గొడతానంటే మీరు ఊరుకునేవారాండి?"

మాస్టారు గోడకేసి చూశారు. మనవరాలి డొక్కలకేసి చూశారు.

"ఊరుకునేవాణ్ణి కాదు" అని, చెప్పులైనా తొడుక్కోకుండా పిల్లని ఎత్తుకున్నారు.

ఆ పూట దోమ చప్పుడు చెయ్యలేదు. సీఆర్పీ నూట ముప్పై వచ్చింది. బాక్టీరియా ఉంటే ఇంకా ముందే పెరిగే ప్రోకాల్సిటోనిన్ కూడా ఎక్కువే ఉంది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి అడుగున తెల్లటి మచ్చ కనిపించింది. ఆయాసం, రక్తం, ఎక్స్‌రే ఒకే మాట చెప్పాయి. విజయగారు ఆక్సిజన్ పెట్టించి, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. బ్లెస్సీ తన హాస్యం సంగతి తనే వెళ్ళి చెప్పుకుని చీవాట్లు తింది.

అప్పట్నించి మాస్టారు ఒకటే పని పట్టుకున్నారు. వాచీ చూస్తూ షైనీ ఊపిరి లెక్కపెట్టడం, ల్యాబు కిటికీ దగ్గరికొచ్చి అంకె అప్పజెప్పడం. నలభై ఎనిమిది. నలభై మూడు. ఒకసారి ముప్పై తొమ్మిదీ ముప్పావు అన్నారు. ఊపిరికి ముప్పావు ఎక్కడిదండీ అనబోయి బ్లెస్సీ నాలుక కరుచుకుంది.

శుక్రవారం సాయంత్రానికి జ్వరం పోయింది, సీఆర్పీ నలభైకి దిగింది. ఆ కబురు చెబుదామని బ్లెస్సీ వార్డులోకి వెళ్ళేసరికి మాస్టారు మంచం పక్కన లెక్కపెడుతున్నారు. ఇరవై ఆరు దగ్గర షైనీ పొట్ట కదలడం ఆగిపోయింది. మాస్టారి వేలు గాల్లోనే ఉండిపోయింది.

"బ్లెస్సీ" అని పిలిచారు.

బ్లెస్సీ ఒక్క అంగలో వచ్చి వంగి చూసింది. పిల్ల బుగ్గలు రెండూ బూరెల్లా పొంగి ఉన్నాయి. మూసిన రెప్పల కింద కనుగుడ్లు అటూ ఇటూ పరిగెడుతున్నాయి.

"ఏం లేదండి. బిగబట్టిందండి."

షైనీ ఫక్కుమని నవ్వేసింది. దగ్గు వచ్చినా నవ్వు ఆపలేదు. "తాతయ్యా, లెక్క తప్పిపోయింది. మళ్ళీ మొదట్నించి."

మాస్టారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఒకటి నుంచి మొదలుపెట్టారు.