దండెమ్మ పెట్టని సంతకం

సంతకం పెట్టనంది. పెట్టనంటే పెట్టనంది.

విభాగాధిపతి ఫైలును బల్లమీద జానెడు ముందుకు జరిపాడు. దండెమ్మ తన కుర్చీని జానెడు వెనక్కి జరుపుకుంది.

"అమ్మా, మన మూడో ఏడాది పిల్లలు ముప్ఫై ఇద్దరు, రెండు రోజుల సర్వే, రెండువందల పన్నెండు ఇళ్ళు. అన్నీ ఫోన్లలో ఎక్కించేశారు. జబ్బుపడ్డ ఇల్లు ఒక్కటీ లేదు. సంతోషించాల్సింది పోయి మూతి ముడుచుకుంటారేంటి?"

"సున్నకి సున్నం కొట్టినా సున్నే నాయనా. నిన్న ఆ వీధంతా నేను తిరిగొచ్చాను. చివరి మలుపు దాటాక మొదటి దండెం, రెండో దండెం, మూడో దండెం, అన్నిటి మీదా పసిపిల్లల గుడ్డలే. పొద్దున పదింటికి ఒక్కో దండెం మీద పదీ పన్నెండూ. రోజుకి పన్నెండు గుడ్డలు తడిపే బిడ్డ ఆరోగ్యంగా ఉన్నట్టా?"

"దండెం మీద గుడ్డలు రుజువంటే రేపు కమిటీ వాళ్ళు నవ్వుతారమ్మా."

"నవ్వనీ. నువ్వు నవ్వలేదూ? ఈ పేరు నాకు పెట్టింది ఎవరు?"

విభాగాధిపతి కలం మూత తీసి, మళ్ళీ పెట్టాడు. పేరు పెట్టింది ఆయనే. పందొమ్మిదేళ్ళ కిందట, ఈ కాలేజీలో ప్రజారోగ్యం డిగ్రీ మొదటి జట్టులో వెనక బెంచీ కుర్రాడిగా ఉన్నప్పుడు పెట్టాడు. "ముందు దండెం చూడు, తర్వాత తలుపు తట్టు" అని ఆమె రోజుకి పదిసార్లు చెప్పేది. కుర్రాడు "దండెమ్మ వస్తోందిరోయ్" అన్నాడు. వెక్కిరింపుగా పుట్టిన పేరు బిరుదై కూర్చుంది. ఇప్పుడు కాలేజీ గేటు దగ్గర కాపలావాడికి కూడా ఆమె అసలు పేరు తెలియదు.

ఆమె చదువు పల్లెటూరి బడిలో, పదో తరగతి. వర్షమొస్తే పలకలు నెత్తిన పెట్టుకుని పాఠం వినే బడి అది. ఆ బడిలో దిద్దించిన గుండ్రటి అక్షరాలే ఇప్పటికీ ఆమె సంతకం. తర్వాత పద్దెనిమిది నెలల నర్సు శిక్షణ, ఆపైన ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగం. ఆమె ఘనకార్యాలు ఎవరైనా అడిగితే చెప్తుంది, అడగకపోతే ఇంకా వివరంగా చెప్తుంది. వాగు పొంగిన రోజు టీకాల ఐసుపెట్టె నెత్తిన పెట్టుకుని పీకల్లోతు నీళ్ళలో దాటింది. అవతలి గట్టున మూత తీస్తే ఐసు ఇంకా ఐసుగానే ఉంది. ఆమె చేతి మీదుగా పదకొండువందల అరవై కాన్పులు జరిగాయి. టీకా వద్దని కర్ర పట్టుకుని తరిమిన పెద్దమనిషి, మర్నాడు తన మనవరాలిని తానే ఎత్తుకొచ్చాడు. ఉద్యోగం అయిపోయాక కాలేజీవాళ్ళే ఇంటికొచ్చి, మా పిల్లలకి వీధి నేర్పండమ్మా అని అడిగారు. పందొమ్మిది జట్లు ఆమె వెనక నడిచాయి. ఆ పిల్లల్లో నలుగురు ఇవాళ జిల్లా ఆరోగ్యాధికారులు. ఒకమ్మాయి మహమ్మారుల లెక్కలు కట్టే పెద్ద సంస్థలో కూర్చుని, ఇప్పటికీ ఫోను చేసి "దండెమ్మగారూ, ఇక్కడ అందరూ గుడ్డలు యంత్రాల్లో ఆరేస్తారు, నేనేం చూడను?" అని అడుగుతుంది.

"చెత్తబుట్ట చూడు" అంటుంది ఈమె.

ఇన్ని చెప్పే మనిషి చెప్పని సంగతి ఒకటుంది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు సొంత అక్క ఇంటికి వెళ్ళింది. అక్క చంకలో తొమ్మిది నెలల బిడ్డ వాడిపోయి ఉన్నాడు. "పళ్ళొస్తున్నాయే, అందుకే కడుపు జారుతోంది" అంది అక్క. పళ్ళొచ్చేటప్పుడు మామూలేగా అని చెల్లెలూ అనుకుంది. ఆ నెల తన పుస్తకంలో ఆ ఊరికి ఎదురుగా సున్న రాసుకుంది. వెనక పెరట్లో దండెం నిండా గుడ్డలు ఆరుతుంటే వాటి కిందనుంచి తల వంచుకుని దాటిపోయింది. నాలుగో రోజు కబురొచ్చింది. ఆనాటి నుంచి ఆమె ఏ దండెం కిందా తల వంచలేదు.

అందుకే ఇవాళ ఈ సున్న ఆమెకి గొంతు దిగలేదు.

"చూడండమ్మా," విభాగాధిపతి గొంతు తగ్గించాడు. "రేపు పదకొండింటికి కమిటీ వస్తుంది. కోర్సుకి గుర్తింపు కొనసాగాలంటే క్షేత్ర శిక్షణ నివేదిక ఉండాలి, దానిమీద శిక్షకురాలి సంతకం ఉండాలి. డిగ్రీ లేనివాళ్ళు శిక్షణ ఇవ్వకూడదని కొత్త నిబంధన వచ్చింది. ఇన్నాళ్ళూ నేనే అడ్డం పడుతున్నాను. సంతకం పెడితే ఇంకో ఏడాది లాక్కొస్తాను. పెట్టకపోతే ఇక నా చేతుల్లో ఏమీ ఉండదు."

"మరీ అడ్డం పడకు నాయనా, నడుం పట్టేస్తుంది." ఆమె లేచింది. "పిల్లల్ని రేపొద్దున ఒక్క పూట నాకివ్వు."

"రేపు హాలు సర్దాలి. ఇవ్వను."

"అయితే నేను అడగను."

తిన్నగా మూడో ఏడాది తరగతిలోకి వెళ్ళి, పాఠం చెబుతున్న మేడం అనుమతితో రెండే నిమిషాలు నిలబడింది. "మీరు రాసిన సున్నలు చూశాను. చాలా గుండ్రంగా ఉన్నాయి. రేపు ఏడింటికి వీధి మొదట్లో ఉంటాను. హాజరు వెయ్యను, మార్కులివ్వను, టీ కూడా ఇప్పించను. రాకపోతే అడగను. వస్తే మాత్రం ఫోన్లు జేబులో పెట్టుకుని, కళ్ళు బయటపెట్టుకుని రండి."

సాయంత్రం ఇంట్లో భర్త వరండాలో కూర్చుని ఉన్నాడు. బస్సు కండక్టరుగా పదవీ విరమణ చేసిన మనిషి.

"ఏమండీ, ఎల్లుండి నుంచి నేను కూడా ఇంట్లోనే ఉంటానేమో."

"కుదరదు. వరండాలో కుర్చీ ఒక్కటే ఉంది." ఆమె ముఖం చూసి పేపరు మడిచాడు. "పెట్టలేదా సంతకం?"

"పెట్టలేదు."

"మంచిపని చేశావు. ఖాళీ బస్సుని నిండిందని నేనెప్పుడూ రాయలేదు."

"అబ్బో! నిండిన బస్సుని 'ఖాళీ ఖాళీ' అని అరిచి జనాన్ని కుక్కిన నోరు కాదూ మీది!"

"అది అరవడం, ఇది రాయడం. తేడా లేదూ?" అని, పేపరు పక్కన పెట్టి, "పోతే పోనీ లేవే. కుర్చీ ఇంకోటి కొందాం" అన్నాడు.

మర్నాడు ఏడింటికి వీధి మొదట్లో ఆమె తప్ప ఎవరూ లేరు. ఏడుంపావుకి కళ్ళద్దాలమ్మాయి వచ్చింది, ఆయాసపడుతూ. మొన్నటి సర్వేలో అందరికంటే ఎక్కువ సున్నలు రాసింది ఆ పిల్లే, ముప్ఫై ఒకటి.

"ఒక్కదానివేనా?"

"మిగతావాళ్ళు మూల దాక్కున్నారండీ. మీరు తిడతారేమోనని నన్ను ముందు పంపారు."

"బయటికి రండర్రా, మేకపిల్లల్లారా!"

పందొమ్మిది మంది వచ్చారు. మలుపు దాటి మొదటి ఇంటి ముందు ఆగారు. కళ్ళద్దాలమ్మాయి అలవాటుగా తలుపు మీదికి చెయ్యెత్తింది.

"ఆగు. ముందు ఏం చూడాలి?"

ఆ పిల్ల పక్కసందులోకి తల తిప్పింది. దండెం మీద ముతక గుడ్డలు, చిన్నవి, వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. పదకొండు. అప్పుడు తట్టింది. చంకలో బిడ్డతో తల్లి వచ్చింది.

"మళ్ళీ మీరేనా? చెప్పాంగా, మా ఇంట్లో జబ్బులేం లేవని."

మొన్న ఫోనులో ఉన్న ప్రశ్న ఇది: 'గత పదిహేను దినములలో మీ కుటుంబములో ఎవరైనా వ్యాధిగ్రస్తులైనారా?' దానికి ఎవరు మాత్రం అవునంటారు! ఈసారి ఆ పిల్ల ప్రశ్న మార్చింది. "అన్ని గుడ్డలు ఉతికారు, చేతులు పడిపోయుంటాయి కదక్కా?"

"ఏం చెయ్యనమ్మా, వీడికి పళ్ళొస్తున్నాయి. నిన్న తొమ్మిదిసార్లు. నీళ్ళలాగే."

కళ్ళద్దాలమ్మాయి దండెమ్మ వైపు చూసింది. ఆ చూపులో ముప్ఫై ఒక్క సున్నలూ కనిపించాయి. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే మరి. చంక వీళ్ళది కాదు, అంతే తేడా.

రెండో ఇంట్లోనూ పళ్ళే. మూడో ఇంట్లో పాపకి రెండున్నరేళ్ళు.

"దీనికి కూడా పళ్ళేనా?" అన్నాడొక పొడుగు కుర్రాడు. "నోరు తెరువమ్మా... అన్నీ వచ్చేశాయిగా అక్కా!"

"దవడపళ్ళేమో" అంది తల్లి, తనకే నమ్మకం లేకుండా.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా కడుపు జారిందా?"

"మా అత్తకి."

లోపల మంచం మీద బోసినోటి ముసలమ్మ నవ్వింది. "నాక్కూడా పళ్ళొస్తున్నాయి కాబోలు నాయనా, డెబ్భై ఎనిమిదేళ్ళకి!"

అందరూ నవ్వారు. దండెమ్మ నవ్వలేదు. పాప పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలింది. చర్మం వెంటనే దిగలేదు, ముడత అలాగే నిలబడింది. కళ్ళు లోతుకి పోయాయి. దండెమ్మ తన సంచిలోంచి సీసా తీసింది. "ఈ పిల్లని ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. పొడుగోడా, ఆటో పిలువు. నువ్వూ ఎక్కు. దారంతా చెంచాతో ఈ ఉప్పుపంచదార నీళ్ళు పట్టిస్తూనే ఉండు. కక్కితే పది నిమిషాలాగి మళ్ళీ పట్టించు."

తొమ్మిదిన్నరకి అరవై ఇళ్ళు అయ్యాయి. ఇరవై తొమ్మిది ఇళ్ళలో పళ్ళొస్తున్నాయి. కళ్ళద్దాలమ్మాయి నోటుపుస్తకంలో వీధి గీసి, ఆ ఇళ్ళకి ఎర్రచుక్కలు పెట్టింది. అన్నీ మలుపు దాటాకే. అక్కడ కుళాయిల్లో నీళ్ళు పైకెక్కక, జనం నేల తవ్వి కుళాయిల్ని గుంటల్లోకి దించుకున్నారు. నీళ్ళు ఆగిపోయినప్పుడు పక్క కాలవ మురుగు ఆ గుంటల్లో నిలిచి, కుళాయి నోట్లోంచి లోపలికే పోతోంది. దండెమ్మ ఒక్కొక్కరినీ గుంట దగ్గర వంగి వాసన చూడమంది. ఇద్దరికి వాంతొచ్చింది.

"ఇప్పుడు మీ డిగ్రీ మొదలైంది" అంది.

పదకొండుంపావుకి మట్టికాళ్ళతో కాలేజీ హాల్లోకి నడిచారు. కమిటీవాళ్ళు ముగ్గురు. విభాగాధిపతి ముఖం పాలిపోయింది. కళ్ళద్దాలమ్మాయి ఎర్రచుక్కల పటం బల్లమీద పరిచి చెప్పింది: మా నివేదిక తప్పు, సున్న కాదు, ఇరవై తొమ్మిది ఇళ్ళు, ఒక పాప ఆస్పత్రిలో ఉంది, కుళాయి గుంటల నీళ్ళు తాగొద్దని మేమే ఇంటింటికీ చెప్పొచ్చాం, నీటి ఇంజినీరుకి కాగితం రాశాం.

కమిటీ పెద్ద పటం చూసి, దండెమ్మని చూశాడు. "మీ అర్హత ఏమిటమ్మా?"

"పల్లెబడిలో పదో తరగతి. పదకొండువందల అరవై కాన్పులు. పందొమ్మిది జట్లు." విభాగాధిపతి వైపు గడ్డం చూపించింది. "ఆయన కూడా నా పిల్లాడే. వెనకబెంచీ."

"డిగ్రీ అడుగుతున్నాను."

"డిగ్రీ లేదు. వీళ్ళకి వస్తుంది. అది నిజమైన డిగ్రీ అవ్వాలనే పొద్దున్నుంచీ తిరిగాం."

ఇరవై తొమ్మిది ఇళ్ళని రాసిన కొత్త నివేదిక కింద, అక్కడే నిలబడి, గుండ్రంగా సంతకం పెట్టింది. పక్కన విభాగాధిపతి పెట్టాల్సిన గడి ఉంది. ఆయన కలం మూత తీశాడు. కమిటీ పెద్ద ముఖం చూశాడు. మూత పెట్టేశాడు.

కోర్సుకి గుర్తింపు వచ్చింది. నీటి ఇంజినీరు గొట్టం మార్పించాడు. పాప మూడో రోజున ఇంటికొచ్చింది. ఆ తర్వాతి వారం దండెమ్మకి ఉత్తరం వచ్చింది: నిబంధనల ప్రకారం మీ సేవలు ఇకపై అవసరం లేదు. కింద విభాగాధిపతి సంతకం ఉంది. ఈసారి పెట్టాడు.

భర్త కొత్త కుర్చీ కొన్నాడు. ఆమె అందులో ఆదివారం ఒక్కపూట కూర్చుంది. సోమవారం ఏడింటికి వీధి మొదట్లో నిలబడి ఉంది.

"మిమ్మల్ని తీసేశారుగా అండీ" అంది కళ్ళద్దాలమ్మాయి. ఆమె వెనక ముప్ఫై ఒక్కమంది. ఈసారి ఎవరూ మూల దాక్కోలేదు.

"కాలేజీలోంచి తీశారు. వీధిలోంచి తీసే కాగితం ఎవరి దగ్గరుంది? పదండి."

మలుపు దాటారు. మూడో ఇంటి సందులోకి తొంగిచూసి ఆ పిల్ల గట్టిగా అరిచింది, "దండెమ్మగారూ, ఈ దండెం ఖాళీ! పాపకి తగ్గిపోయింది!"

"ఖాళీ అయితే నమ్మేస్తావా? ఆరినవి తీసేసి ఉండొచ్చు. ఉతికే ఓపిక లేక ఊరుకుని ఉండొచ్చు." దండెమ్మ వేలు తలుపు వైపు చూపించింది. "తట్టు."

ఆ పిల్ల తట్టింది.