జామకాయ ముక్క తర్వాత

మా అమ్మాయికి నాలుగేళ్లు నిండినా నమలడం రాలేదు. నడక ఆలస్యమైంది, మాట ఆలస్యమైంది. వాటి గురించి అందరూ అడిగేవాళ్లు. తిండి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. పప్పన్నం మిక్సీలో వేసి జారుగా చేసి పెడితే గిన్నె ఖాళీ చేసేది మరి. చిన్న పలుకు తగిలినా ఓకరించేది. "వయసొస్తే అదే నేర్చుకుంటుందిలే" అనేవారు మా అత్తయ్య.

మాది మంగళగిరి. మా ఆయన చేనేత చీరల వ్యాపారం చేస్తారు. ఆ ఏడాది ఏలూరులో పెళ్లికి కారులో బయల్దేరి హనుమాన్ జంక్షన్‌లో టీ కోసం ఆగాం. నేను డిక్కీలో నీళ్ల సీసా వెతుకుతున్నాను. మా ఆడపడుచు ఉప్పూకారం చల్లిన జామకాయ తింటూ, ముద్దొచ్చి ఒక చిన్న ముక్క పిల్ల నోట్లో పెట్టింది.

నేను తిరిగి చూసేసరికి పిల్ల నోరు తెరుచుకుని ఉంది. ఏడుపు లేదు, దగ్గు లేదు. కళ్లు మాత్రం నా మీదే ఉన్నాయి. పెదాలు నీలంగా మారుతున్నాయి. నేను డిక్కీ పక్కనే నిలబడిపోయాను. మా ఆయన పిల్లను లాక్కుని, చేతి మీదకి వంచి వీపు మీద గట్టిగా కొట్టారు. మళ్లీ కొట్టారు. ముక్క ఎగిరి రోడ్డు మీద పడింది. అప్పుడు ఏడ్చింది. నేను అక్కడే మట్టిలో చతికిలబడ్డాను.

"చాలా చిన్న ముక్కే వదినా... నాకు తెలీదు వదినా" అంటూనే ఉంది మా ఆడపడుచు. పెళ్లికి వెళ్లకుండా వెనక్కి తిరిగాం.

ఆ రోజు నుంచి మిక్సీలో తిప్పిన అన్నాన్ని కూడా జల్లెడలో వడకట్టడం మొదలుపెట్టాను. పప్పుచెక్కల డబ్బా అటకెక్కింది. ఇంటికి ఎవరైనా చుట్టాలొస్తే వాళ్ల చేతుల వైపే చూసేదాన్ని. మా ఆయన ఏదైనా నములుతున్నా పిల్ల ఎక్కడుందోనని వెతుక్కునేదాన్ని.

పిల్లల డాక్టరు మమ్మల్ని భవానీపురంలో ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గరికి పంపారు. ఆ పేరు వింటే ఉద్యోగాలకు సంబంధించిందేమో అనిపించింది. ఆవిడ నాకంటే చిన్నది. "పిల్లల ఉద్యోగం తినడం, ఆడుకోవడం, చొక్కా వేసుకోవడమే కదండీ. అందులో ఇబ్బందుంటే మేం సాయం చేస్తాం" అంది.

మొదటి కొన్ని వారాలు అక్కడ తిండి మాటే లేదు. కాళ్లు వేలాడకుండా పాదాల కింద పీట వేసి కూర్చోబెట్టేది. నడుము నిలకడగా ఉంటేనే దవడ సరిగ్గా కదులుతుందట. రవ్వలో చేతులు పెట్టించి ఆడించేది. తడి రవ్వ తగిలితే పిల్ల కేకలు పెట్టేది. ఆవిడ కంగారుపడకుండా పొడి రవ్వకి వెనక్కి వెళ్లేది. సబ్బు బుడగలు ఊదించేది, బుగ్గలు అదిమేది, మెత్తటి రబ్బరు గొట్టాన్ని వెనక పళ్ల మధ్య పెట్టి కొరికించేది.

ఒకరోజు "ఇడ్లీతో మొదలెడదామండి" అంది.

"వద్దండీ" అన్నాను. "మీరు చూళ్లేదు. నేను చూశాను."

ఆవిడ ఒక బొమ్మను తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "ఓకరిస్తే, దగ్గితే గాలి ఆడుతున్నట్టేనండి. ముక్కని బయటికి తోసుకోవడానికి ఒళ్లు చేసే పని అది. అసలు శబ్దమే లేకపోతే, అప్పుడు మీరు చెయ్యాల్సిందిది" అంటూ బొమ్మను ముందుకు వంచి, రెండు భుజాల మధ్య ఎలా కొట్టాలో చూపించింది. నా చేత కూడా కొట్టించింది. బొమ్మను కొడుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆగమని ఆవిడ అనలేదు, నేనూ ఆగలేదు.

ఆవిడ దగ్గర పిల్ల మొదట ఇడ్లీ ముక్కను ఉమ్మేసింది, నలిపింది, కొన్నాళ్లకు కొరికింది. ఆ తర్వాత ఇంట్లో నేను పెట్టాల్సి వచ్చింది. ఆవిడ చెప్పినట్టే సన్నగా చీల్చి, నాలుక మీద కాకుండా పక్కన వెనక పళ్ల దగ్గర పెట్టాను. నమిలింది. ఉన్నట్టుండి మొహం ఎర్రబడింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా చెయ్యి పైకి లేచింది.

"ఆగు, దగ్గుతోందిగా!" అన్నారు మా ఆయన.

దగ్గింది. ముక్కని గడ్డం మీదకి తోసేసింది. మేమిద్దరం చూస్తున్నాం. పిల్ల మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మళ్లీ నోరు తెరిచింది. ఇంకో ముక్క పెట్టడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఆయన పెట్టారు.

అలా ఇడ్లీ, మెత్తటి దోసె, తర్వాత పలుకున్న పెరుగన్నం. మిక్సీ వాడకం మెల్లగా తగ్గింది. ఈ ఏడు బళ్లో వేశాం. రోజూ మధ్యాహ్నం అన్నం వేళకు గేటు బయట ఆటోలో కూర్చునేదాన్ని. లోపలికి రానివ్వరు. గంట కొట్టగానే దిగి గేటు దగ్గర నిలబడేదాన్ని.

మొన్న ఆయా నవ్వుకుంటూ గేటు దగ్గరికి వచ్చింది. "మీ పాప మీ ఇడ్లీ వదిలేసి పక్కపిల్ల బాక్సులో చేగోడీ లాక్కుని తినేసిందమ్మా!"

"నమిలిందా?" అన్నాను.

"నమలకుండా ఎవరైనా చేగోడీ తింటారా?" అంది వింతగా చూస్తూ.

ఆటోలోంచే థెరపిస్టుకు ఫోన్ చేశాను. "చేగోడీయా! అంత గట్టివి ఇప్పుడే వద్దండీ. టీచరుకి చెప్పండి, నేనూ మాట్లాడతాను" అని గట్టిగానే అంది. వెంటనే, "ఏ పక్క పళ్లతో నమిలిందో ఎవరైనా చూశారా?" అని ఆత్రంగా అడిగింది.

ఎవరూ చూడలేదు. ఆటో అతను ఇంటికి పోదామా అని అడిగాడు. బడి వదిలేదాకా ఇక్కడే ఉంటానన్నాను.