నడుమకి విరిచి చూడు

ఇసుక పెనంలో నల్ల ఈగ పురుగులు వేగుతున్నప్పుడు మొదట పచ్చిగా, బురదలాంటి వాసన వస్తుంది. కాసేపటికి అది వేయించిన పల్లీల వాసనగా మారుతుంది. ఈ ఉదయం మా షెడ్డులో ఆ మార్పు కోసమే కాచుకుని నిలబడ్డాను. పురుగు మరమరంలా పొంగి గలగలమనగానే జల్లెడ పట్టాలి. ఆలస్యమైతే మాడుతుంది, తొందరపడితే తడి మిగులుతుంది. ఈ పని నాకు నేర్పిన అప్పయ్యమ్మ పోయి ఏడాది దాటింది. వాసన మారే ఆ క్షణంలో మాత్రం ఆవిడ నా వెనకే నిలబడి ఉన్నట్టుంటుంది.

ఆవిడది శ్రీకూర్మం దగ్గర సముద్రపు ఒడ్డు. పుట్టింటా మెట్టినింటా అందరూ వేటకు వెళ్ళేవాళ్ళే. తను ఎండు చేపలు అమ్మేది. చెరువుల్లో పెంచే చేపల మేత కోసం సముద్రంలో పిల్ల చేపలను కూడా ఊడ్చుకుపోతున్నారని కడుపు మండి, చేపపొడి లేని మేత తనే చేస్తానని ఎచ్చెర్ల దారిలో రేకుల షెడ్డు వేసింది. కూరగాయల బజారు చెత్తతో పురుగులను పెంచి, మరమరాలు వేయించినట్టు ఇసుకలో వేయించి, ఆ పొడిలో నూనె తీసిన వేరుశనగ చెక్క, తవుడు కలిపి గుళికలు తీసేది. జనం నవ్వారు. నేనూ నవ్వాను.

మాది విజయనగరంలో కిరాణా కొట్టు. మా ఇంట్లో పిల్లలకు మాటల కన్నా ముందు బేరం వస్తుంది. గుడి ముందు కొబ్బరికాయకు బేరమాడి, ఆ గెలుపు లోపల దేవుడికి చెప్పుకునే రకం నేను. నూనె మిల్లు దగ్గర నా బేరం విని అప్పయ్యమ్మ నన్ను సరుకు కొనే పనిలో పెట్టుకుంది. మొదటి రోజే ఒక చెక్క నా చేతిలో పెట్టింది.

“ఇందులో ఏటి సూస్తావే?”

“రంగు, బరువు అప్పా.”

“అవి అమ్మినోడే సూపిస్తాడు. నువ్వు నడుమకి ఇరిసి సూడు. వాసన సూడు. ఒక ముక్క నవులు.”

“సేపల మేత నేను నవలాలేటి?”

“సేప నోరు లేని జీవి. నీకు కావలసినంత ఉన్నాది కదా.”

ఆ వానాకాలం ఒక మిల్లులో చెక్క చవగ్గా దొరికింది. ఎందుకంత చవకో అడగాల్సింది పోయి, ఇంకా తగ్గించమన్నాను. తగ్గించాడు. పొంగిపోయాను. షెడ్డుకు తెచ్చాక విరిచి చూస్తే కొన్నింటి నడుమ పచ్చటి బూజు. అప్పయ్యమ్మ పుట్టింటికి వెళ్ళి ఉంది. నా గొప్ప పోతుందని నోరు మూసుకున్నాను. మా కొట్లో కందిపప్పుకు పురుగు పడితే ఎండబెట్టి, చెరిగి, కొత్త పప్పులో కలిపేవాళ్ళం. ఇక్కడా అదే చేశాను. బూజు గీకి, ఎండబెట్టి, మర ఆడించి, వేయించిన పురుగుల పొడిలో కలిపేశాను. ఆ ఘాటులో ఇంకే వాసనా తేలలేదు. ఆ మేత మా ఖాతాదారు నాయుడు బావు చెరువుకు వెళ్ళింది. ఆయన తనకున్న పొలమంతా తవ్వి కొర్రమీనులు వేశాడు. ఆ ఏడు ఆయనకు వేరే పంట లేదు.

మర్నాడు తిరిగొచ్చిన అప్పయ్యమ్మకు గచ్చు మీద ఒక పచ్చ ముక్క దొరికింది.

“ఏటే ఇది?”

“బూజు గీకీసాను అప్పా. ఎండలో కూడా ఎట్టాను.”

“ఎండకి బూజు పోతాది. అది కక్కిన ఇసం పోదు. సేప కార్జం పాడైపోతాది.”

“మిగిల్నాది పురుగులకైనా ఏద్దామా?”

“పురుగు తిన్నాది సేప తింటాది. సేప తిన్నాది మనిసి తింటాడు. ఎక్కడికి పోతాదే అది?”

మిగిలిన చెక్కంతా నా చేతే గోతిలో పూడ్పించింది. అంతకుముందు కొన్న చెక్కతో చేసిన మంచి మేత బస్తాలు ఆటోలో వేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. మేం వెళ్ళేసరికి నాయుడు బావు గట్టు మీద నిలబడి మేత చల్లుతున్నాడు. “నువ్వే సెప్పు,” అంది.

“ఈ ఏడు వానలు ఎక్కువయ్యాయి కదా బావు…” అని మొదలెట్టాను.

“వాన మీద ఎట్టకు,” అంది అప్పయ్యమ్మ.

చెప్పాను. ఆయన చెయ్యి గంపలోనే ఆగిపోయింది. “రెండు పూటలు ఏసీసాను. నా సేపలు సచ్చిపోతే?”

“సస్తే నా మేతకే సచ్చినాయని అందరికీ సెప్పు బావు. ఆ నష్టం నాది.”

ఆ నెలంతా పొద్దున్నే వెళ్ళి ఆ గట్టు మీద కూర్చునేవాళ్ళం. ఆవిడ నీళ్ళ వైపు చూసేది, నేను ఆవిడ వైపు చూసేదాన్ని. ఒక్క చేపా తేలలేదు. చివరి రోజు ఉండబట్టలేక, “సూసినావా అప్పా, ఏటీ అవలేదు,” అన్నాను.

ఆవిడ నన్ను అలా ఎప్పుడూ చూడలేదు. “అవలేదు. అందుకే నాకు బయంగా ఉన్నాది. రేపు మల్లీ సేస్తావు.”

నాయుడు బావు మళ్ళీ మా మేత కొనలేదు. నిజం చెప్పి మంచి ఖాతాదారుణ్ణి పోగొట్టుకున్నామని ఒకసారి గొణిగాను. అప్పయ్యమ్మ జల్లెడ ఆపకుండానే అంది: “నిజం సెప్పినాం కదా అని ఆ బావు మన మేతే కొనాలేటి?”

ఇప్పుడు షెడ్డు నేను నడుపుతున్నాను. బేరం మానలేదు, అది నాతోనే కాటికి వస్తుంది. మొన్నటి వానల్లో ఒక లోడు చెక్క నడుమ పచ్చబడితే పూడ్పించేశాను. ఆ తర్వాత చెరువుల వాళ్ళకు ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. “సెక్క పాడైపోనాది బావు. మేత ఆలస్యం అవుతాది. ఈలోగా ఇంకో చోట కొనుక్కోండి.” కొట్టు గుమ్మం ఎక్కిన మనిషిని ఉత్త చేతులతో పంపకూడదని నేర్పిన ఇంట్లో పుట్టినదాన్ని. ఆ ఆఖరి మాట మింగేయాలని ప్రతిసారీ అనిపిస్తుంది. అయినా మింగకుండా చెబుతున్నాను.