పంతొమ్మిది పొయ్యిలు

మొన్న ఆటోనగర్‌లో మా స్పేర్ పార్టుల కొట్టుకి బేరింగు కోసం వచ్చిన ఒక మాస్టారు, నేను ఎమ్మే చదివానని ఎవరి దగ్గరో విని, ఏ సబ్జెక్టని అడిగారు. గిరిజన అధ్యయనాలని చెప్పాను. "బేరింగులమ్మడానికి అదెందుకండీ?" అని నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ రోజంతా ఒక చోట కుదురుగా కూర్చోలేకపోయాను.

నలభై దాటాక, దూరవిద్యలో, ఆదివారం తరగతులకు వెళ్లి చదివిన చదువది. లెక్కలు పట్టికలుగా వేయడం నాకెవరూ నేర్పలేదు, కొట్టు అరల్లో సరుకు చూసుకుంటూ నేనే నేర్చుకున్నాను. అందుకే తోటివాళ్లు పాటలూ ఆచారాలూ రాసుకుంటుంటే నేను పట్టికలు వేసేవాణ్ణి, వాటిని చూసి మా గురువుగారు మురిసిపోయేవారు. ప్రాజెక్టు కోసం చల్లపల్లి దాటాక కాలవగట్టు మీదున్న యానాదుల పేటకు నాలుగు ఆదివారాలు వెళ్లాను. గుడిసెలు ఇరవై, పొయ్యిలు పంతొమ్మిది. మా వ్యవసాయ కుటుంబాల్లో అన్నదమ్ములు విడిపోతే పొయ్యి వేరు పెట్టారంటాం. మా నాన్నా బాబాయీ వేరుపడ్డప్పుడు అమ్మ ఏడ్చింది పొలం పంచినందుకు కాదు, పెరట్లో రెండో పొయ్యి లేచినందుకు. అందుకని గుడిసెను కాక పొయ్యినే నమ్మి, పంతొమ్మిది కుటుంబాలని రాశాను. ఇళ్ల స్థలాలకు జాబితా కడుతున్న ఆఫీసువాళ్లు అడిగితే గర్వంగా ఆ పట్టికే ఇచ్చాను.

నెల తర్వాత మళ్లీ వెళ్తే, జాబితాలో పేరు లేని ఒకావిడ, భర్త పోయి తన గుడిసెలో ఒంటరిగా ఉంటున్న మనిషి, నన్ను ఆపింది.

"మా అక్కా నేనూ పట్టిన చేపలు ఒక పొయ్యి మీదే వండుకుంటాం. అట్టాగని ఇద్దరం ఒకళ్లమైపోతామా అయ్యా?"

పట్టిక దిద్దుకుని మూడుసార్లు ఆఫీసుకు తిరిగాను. జాబితా పైకి వెళ్లిపోయిందన్నారు. ఆమెకు స్థలం రాలేదు. ఇరవై అని దిద్ది ఇచ్చిన నా ప్రాజెక్టుకు మాత్రం ఫస్టు క్లాసు వచ్చింది.

ఈ మధ్య ఆ దారిన వెళ్లాను. గుడిసెలు పోయి వరసగా పక్కా ఇళ్లు లేచాయి. ఆవిడ వాళ్లక్క ఇంటి వసారాలో ఉంటోంది, పక్కనే మూడు ఇటుకలు పేర్చి తన అన్నం తనే వండుకుంటోంది. పోట్లాడుకున్నారేమోనని మొహమాటపడుతూ అడిగాను. అదేం లేదంది. ఈసారి ఎవరైనా లెక్కకొస్తే తనూ కనపడాలిగా అంది.