శనివారం లోపు బయలుదేరాలి

మా ఎదురింటి హాస్టల్లో వార్డెన్‌గా ఉండే శ్రీశైలం ఒక శుక్రవారం పొద్దున తన పాత మోటార్‌సైకిల్ మీద ధర్మపురికి ప్రయాణమయ్యాడు. వెనక సీటుకు కట్టిన కూరగాయల ట్రేలో అతని కుక్క కూర్చుంది. అక్కడ గోదావరి దగ్గర ఎవరిదో మామిడితోటకు కాపలా పని కుదిరింది. కుక్కను బస్సులో ఎక్కించుకోరు. అందుకని అంత దూరమూ బండి మీదే.

అచ్చంపేట వైపు పల్లె నుంచి సర్కారు ఉద్యోగం కోసం చదువుకుందామని హైదరాబాదులో మా అశోక్ నగర్‌కు వచ్చినవాడు శ్రీశైలం. పరీక్ష వెంట పరీక్ష రాశాడు. ఒకసారి ఇంటర్వ్యూ దాకా వెళ్లాడు. మధ్యలో తల్లి పోయింది. ఆమె పోయాక ఇతని పెళ్లి మాట ఎత్తే మనిషే లేకపోయింది. పరీక్షలకు వయసు దాటిపోయిన ఏడాది హాస్టల్ యజమాని పిలిచి తాళాలు చేతిలో పెట్టాడు. ఉద్యోగం వచ్చిన పిల్లలు మిఠాయి డబ్బా తెచ్చి, కాళ్లకు దండం పెట్టి వెళ్లేవాళ్లు. ఆ తరువాత ఎవరి సంసారాలు వాళ్లవి. అందులో తప్పు పట్టడానికేముంది?

ఒక వానాకాలం ఈ కుక్క పిల్లగా వచ్చి అతని మంచం కింద దూరింది. ఒళ్లంతా నలుపు, ఒక్క తెల్ల వెంట్రుక లేదు. పిల్లలు ‘కలెక్టర్’ అని పేరు పెట్టారు. ఎవరు ఫెయిలైనా, కనీసం మన హాస్టల్లో ఒక కలెక్టర్ ఉన్నాడని నవ్వుకునేవాళ్లు.

ఆ నలుపే దాని ప్రాణం మీదికి తెచ్చింది. శనిదోషం పోవాలంటే శనివారం నాడు నల్లకుక్కకు ఆవనూనె రాసిన రొట్టె, బెల్లం పెట్టమని ఒక అబ్బాయికి జ్యోతిష్కుడు చెప్పాడట. ఆ అబ్బాయికి ఉద్యోగం వచ్చింది. ఇంకేముంది! పరీక్షలు దగ్గర పడితే చాలు, శనివారం మా వీధిలో గుడి దగ్గర ఉన్నంత మంది. చిక్కడపల్లి నుంచి, దోమలగూడ నుంచి కూడా రొట్టెలు పట్టుకొని వచ్చేవాళ్లు. వాళ్ల భయం నాకు తెలుసు. ఊళ్లో పొలం అమ్మి పంపిన తండ్రులు గుర్తొస్తుంటే, పిల్లలు ఏ దేవుణ్ణి వదులుతారు? కుక్క కూడా ఎవరినీ చిన్నబుచ్చేది కాదు. ఎవరు పెట్టినా తినేది.

ఈ వేసవిలో అది గోడలకు గుద్దుకోవడం మొదలుపెట్టింది. నారాయణగూడ పశువుల దవాఖానాకు మోసుకుపోతే, షుగరు ముదిరిందన్నారు. కళ్లకు పొర కమ్ముతోంది, తీపీ నూనే మానకపోతే బతకదన్నారు. శ్రీశైలం దాని మెడలో అట్టముక్క కట్టాడు. ‘నాకు జబ్బు. ఏమీ పెట్టకండి.’ అందరూ చదివి అయ్యో అన్నారు. చదివినవాళ్లే, తామొక్కరు పెడితే ఏమవుతుందిలే అనుకొని, చాటుగా ఒక్కొక్క రొట్టె పెట్టి వెళ్లారు. ఆ రాత్రి దానికి మూర్ఛ వచ్చింది. అప్పుడే అతను నిశ్చయించుకున్నాడు, మళ్లీ శనివారం వచ్చేలోపు ఈ వీధి దాటిపోవాలని.

శుక్రవారం పూట ప్రయాణమేమిటి నాయనా అని నేనన్నాను గానీ, మనసులో ఆ వేంకటేశ్వరస్వామికే అప్పగించి పెరుగన్నం మూట కట్టి ఇచ్చాను. ముషీరాబాద్‌లో మెకానిక్ రామచంద్రం ముందురోజే, దారిలో కుక్క తోక ఇరుక్కోకుండా చైనుకు రేకు తొడిగి పంపాడట. దేవుడు మనుషుల చేతుల మీదుగా సాయం పంపే తీరు అది.

బయలుదేరే వేళకు వీధి నిండింది. పరీక్ష ఆదివారమే ఉన్న మహేశ్వరి అనే అమ్మాయి ట్రే పట్టుకుంది.

“అన్నా, ఒక్క రేపు ఆగరాదే. ఆదివారం పొద్దుగాల పో.”

“రేపుంటే ఇది ఉండదు చెల్లె.”

“నేనేం పెట్టనన్నా. ఊకె మొక్కుకుంట.”

“నువ్వు పెట్టవు. నీ వెనక వందమంది ఉన్నరు.”

వెనక నుంచి ఎవరో కుర్రాడు అరిచాడు. “నువ్వు పోతే పో అన్నా, కలెక్టర్‌ని మాత్రం ట్రాన్స్‌ఫర్ చెయ్యకు!”

అందరూ నవ్వారు. శ్రీశైలం కూడా నవ్వాడు. వాళ్లంతా వంతులవారీగా కుక్క తల తాకి కళ్లకద్దుకున్నారు. ఇన్నేళ్లు వాళ్లకు జ్వరం వస్తే గంజి కాచి ఇచ్చిన మనిషి, హ్యాండిల్ పట్టుకొని పక్కకు జరిగి వాళ్లకు చోటిచ్చాడు. అతన్ని ఎక్కడ ఉంటావని అడిగినవాళ్లు లేరు.

మూలమీద టీ బండి బీరమ్మ ఒక్కతే దగ్గరికొచ్చింది. “తమ్మీ, ఒక మాటంట, ఏమనుకోకు. దానికి ఈ గల్లంత చుట్టాలే. ఆడ ఎవలున్నరు? కండ్లు సుత లేకపాయె. దాని కోసం తీస్కపోతున్నవా, నీ కోసమా?”

కుక్క ట్రేలోంచి పడకుండా పాత లుంగీ చింపి కట్టిన ముడిని అతను, బిగిసే ఉన్నదాన్ని, ఇంకోసారి బిగించాడు. బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం నేను దీపం ముందు కూర్చొని ఉంటే ఫోన్ మోగింది.

“అమ్మా, శ్రీశైలాన్ని. సిద్దిపేట దాటిన.”

“కుక్క ఎలా ఉంది నాయనా?”

“ఒక చెట్టు కింద ఆపి ముడి ఇప్పేసినమ్మా. బీరమ్మక్క మాట పొద్దటిసంది గుచ్చుతనే ఉన్నది. పోతే పోనీ అనుకున్న. పక్కనే హోటలుంది, వాసన పట్టుకొని గటు నడిచింది. నేను పిలవలే. నోటి దాక వచ్చింది గని పిలవలే.”

“మరి?”

“చానాసేపు ఆడనే తిరిగింది. మల్ల మెల్లగ ముక్కు నేలకానిచ్చుకుంట వచ్చింది. బండి దొరికినంక ముందు కాళ్లు సీటు మీద పెట్టి నిలబడ్డది. ఎక్కనీకి దానికి చాతకాలేదమ్మా. నేను ఎత్తుకున్న.”

స్వామికి చేతులు జోడించి, “అన్నం తిన్నావా?” అని మాత్రం అడిగాను.

“తింటమ్మా.”

చెప్పవలసింది అయిపోయింది. అయినా ఫోన్ పెట్టలేదు. అవతల లారీలు పోతున్న చప్పుడు వినిపిస్తోంది. అతను పెట్టేదాకా నేనూ అలాగే చెవి దగ్గర పట్టుకొని కూర్చున్నాను.