సారు గీసిన తల

మా డ్రాయింగు సారు పోయారని మొన్న కార్వాన్ బస్తీలో సైకిలుకు గాలి కొట్టించుకుంటుంటే తెలిసింది. చెప్పినవాడు బడిలో నా పక్క బెంచీవాడు. "నీకెరుకలేదా? ఆయనకు నువ్వంటే పానం గదరా" అని నవ్వాడు. ఆ నవ్వుకు నేను తగినవాడినే.

సారు పీరియడులో బెంచీలు గోడవారకు పోయేవి. మధ్యలో నీళ్ల కూజా పెట్టి, చుట్టూ కూర్చోబెట్టి, ఎవరికి కనబడినంత వాళ్లు గీయాలనేవారు. తర్వాత ఆ బొమ్మలు కత్తిరించి ఒకే అట్ట మీద అతికించేవారు. ఒక్క కొమ్ము కూజాకు రెండు కొమ్ములొచ్చేవి. మేం నవ్వితే, "నవ్వుండ్రి. మీకు కనబడకుంటే దానికి వీపు లేనట్టేనా?" అనేవారు.

నా పదో తరగతిలో అట్లాగే ఒక మనిషి తల గీసి గోడపత్రికలో పెట్టారు. ముక్కు పక్కకు, కళ్లు రెండూ ఎదురుగా, దవడ మూడు పలకలుగా. కింద వివరణ రాసే పని నాకిచ్చారు. అప్పుడప్పుడే మాటల పిచ్చి పట్టినవాణ్ణి. నిఘంటువు తిరగేసి, "ఇది ద్విముఖుడైన అధికారి శిరస్సు. ఒక కన్ను పిల్లల మీద, ఒక కన్ను కుర్చీ మీద" అని రాశాను. ఆ తల ఎవరిదని సారును అడగనే లేదు.

హెడ్మాస్టరు అది తన తలే అనుకున్నాడు. మా ఇద్దరినీ పిలిపించి, "మీ సారే రాయమన్నడా?" అని నన్నడిగాడు. అన్ని మాటలు నేర్చినవాడికి "కాదు" అన్న ఒక్క మాట రాలేదు. సారు ఆ తప్పు తన మీదే వేసుకున్నారు. బొమ్మ హెడ్మాస్టరు చేతిలో నిలువునా చిరిగింది. డ్రాయింగు పీరియడు లెక్కలకు పోయింది. రిటైరయ్యేదాకా సారు హాజరు పట్టీలకు గీతలు కొట్టారు.

వరండాలో ఒక్కసారే అన్నారు: "మాటలు మస్తున్నయిరా నీ దగ్గర. జర లేచి చుట్టూ తిరిగి చూడకపోతివి." తిట్టినా బాగుండేది.

ఫలక్‌నుమాలో వాళ్లింటికి వెళ్లేసరికి దహనం అయిపోయింది. గోడ మీద అదే తల, నిలువు చిరుగు మైదా జిగురుతో అతికించి ఉంది. దాని కింద ఆయన భార్య.

"గా తల నాదే బిడ్డా," అందామె. "ఎల్లిపాయలు ఒలుస్తుంటే చుట్టూ తిరుక్కుంట గీసిండు. గిట్ల తిరగకయ్యా అంటే ఇనలే." ఆపై అడిగింది: "దీని మీద బడిల ఒక పిలగాడు మంచిగ రాసిండని చెప్పిండు. ఏం రాసిండో నీకెరుకనా?"

గుమ్మంలోకి ఎవరో వచ్చారు. ఆమె ముఖం అటు తిరిగింది. గోడ మీది తలకు లాగే, కళ్లు రెండూ నా మీదే ఆగిపోయాయి.