సాంబయ్య నాలుక మీద మచ్చ

మా చిన్నప్పుడు మా ఊళ్ళో సైకిల్ టైరు పేలితే, ముల్లు ఎక్కడ దిగిందో ఎవరూ వెతికేవాళ్ళు కాదు... పొద్దున ఎవరేమన్నారో గుర్తు చేసుకునేవాళ్ళు.

ఆ రోజు మా బాపు సైకిల్ వెనక చక్రం సాంబయ్య ఒళ్ళో ఉంది. సాంబయ్య మా ఊరి సైకిల్ మెకానిక్కు. బస్సు ఆగే చోట తాటాకుల పందిరి, నీళ్ళు పోసిన పాత ఇనుప తట్ట, గాలి పంపు... అదే దుకాణం.

పక్కన మా సరోజనక్క. చెంబులో నిప్పులు పోసి తానే ఇస్త్రీ చేసుకున్న చీర కట్టుకుని నిలబడింది. మా వాడలో పదో తరగతి పాసైన మొదటి ఆడపిల్ల. వరంగల్ దగ్గర సుబేదారిలో బాలవాడి టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. పొద్దెక్కక ముందే అక్కడ ఉండాలి.

బాపు మంచి మనిషే. కానీ గాలి పోయిన సైకిల్‌ను తోసుకుంటూ రావడం ఆయనకు నామోషీ. చక్రం చప్పబడ్డా అట్లాగే తొక్కేవాడు... వెనక తౌడు బస్తాతో సహా. ముందురోజు కాశిబుగ్గ నుంచి వచ్చింది కూడా అట్లాగే.

సాంబయ్య ట్యూబుకు అతుకు వేసి నీళ్ళలో ముంచాడు. బుడగలు రాలేదు. బాపు లేవబోయాడు. సాంబయ్య మాత్రం టైరు లోపల వేలు పెట్టి చుట్టూ తిప్పుతూ ఒకచోట ఆగాడు. టైరు చీలికలోంచి వేలు బయటికొచ్చింది.

"ఐలన్నా, ట్యూబు మంచిగనే ఉన్నది. టైరే సచ్చిపోయింది. గాలి లేకుంట తొక్కితివి, రిమ్ము కోసుకుంట పోయింది."

"అతుకెయ్యి మరి."

"లోపల పాత టైరు ముక్క పెడ్త. నువ్వొక్కనివే అయితె మెల్లగ పోతవు. బిడ్డను ఎక్కియ్యకు, పేల్తది. బిడ్డను తోల్కొని బస్సుల పో. కొత్త టైరు నా కాడ లేదు, వరంగల్ల దొరుకుతది."

బాపు ముఖం మాడిపోయింది.

"శుభమా అని పోరి నౌకరికి పోతాంటే పేల్తది అంటవేందిరా? నీ నోట్ల మన్నువడ!"

"నేనంటె పేల్తదా అన్నా... సూడు, నా ఏలు బయటికొచ్చింది."

"ఏలు కాదురా, నీ నాలుకే బయటికొచ్చింది. మూస్కొని గాలి కొట్టు."

అక్కడున్న వాళ్ళు నవ్వారు. సాంబయ్యకు అప్పటికే ఊళ్ళో ఆ పేరుంది. ఈ టైరు పోతుందంటే పోయేది. ఆయన చూసి చెప్పేవాడు... ఊరు మాత్రం ఆయన చెప్పడం వల్లే పోతోందని తేల్చింది. నాలుక మీద మచ్చ ఉందట. చూసినవాళ్ళు ఎవరూ లేరు. అంత దగ్గరికి పోయి చూడాలంటే భయం కదా.

సాంబయ్య లోపల టైరు ముక్క పెట్టి, చక్రం బిగించి గాలి కొట్టాడు.

"బాపూ, బస్సుల పోదాం" అంది అక్క మెల్లగా.

"ఇంట్ల సైకిలుండంగ బస్సెందుకే? ఎక్కు."

అక్క ఎక్కింది.

తర్వాతది అక్క చెప్పిందే. సగం దారి దాటాక, పొలంలో కొంగలన్నీ లేచిపోయేంత చప్పుడుతో టైరు పేలింది. అక్క కింద పడింది. మోచెయ్యి చీరుకుపోయింది... ఇస్త్రీ చీర నిండా ఎర్రమట్టి.

అదృష్టం చూడండి, కాసేపటికి వెనక నుంచి బస్సు వచ్చింది. అక్క చెయ్యెత్తితే ఆగింది కూడా! కండక్టరు తలుపు తీసి "ఎక్కున్రి, జల్ది" అన్నాడు.

బాపు సైకిల్ వైపు చూశాడు.

"మరి దీన్నేం జెయ్యాలె?" అన్నాడు.

ఆడపిల్లను ఒంటరిగా పంపడానికి ఆయనకు మనసొప్పలేదు. సైకిల్‌ను రోడ్డు పక్కన వదలడానికి అసలే ఒప్పలేదు. కండక్టరు ఎంతసేపని చూస్తాడు... బస్సు వెళ్ళిపోయింది.

ఇద్దరూ నడిచి సుబేదారి చేరేసరికి ఆఫీసు ముందు ఎవరూ లేరు. ఒకాయన నల్లా దగ్గర టిఫిన్ గిన్నె కడుక్కుంటూ, "అయిపోయిందమ్మా" అన్నాడట... జాలిగానే.

సాయంత్రం బాపు ఇంటికి రాకుండా సరాసరి సాంబయ్య పందిరి కిందికే పోయాడు.

"నా బిడ్డ నౌకరి మింగినవ్ గదరా! నువ్వనకపోతె అది పేలునా?"

 వెనకే వచ్చిన అక్క అంది... "బస్సుల పొమ్మన్నది గూడ ఆయననే గదా, బాపూ."

చాలా రోజులు బాపు అక్కతో మాట్లాడలేదు.

అక్కకు మళ్ళీ పిలుపు రాలేదు. చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టడం నేర్చుకుంది. చురుకైన పిల్ల... ఏదైనా తొందరగానే నేర్చుకునేది.

సాంబయ్య దగ్గరికి జనం పోవడం మానేశారు. పెళ్ళాం పిల్లలున్న మనిషి, ఎన్నాళ్ళని ఈగలు తోలుకుంటూ కూర్చుంటాడు? కొన్నాళ్ళకు ఆయనా నేర్చుకున్నాడు. ఏ టైరు తెచ్చినా లోపల చూడటం మానేశాడు. గాలి కొట్టి, సీటు మీద ఒక దెబ్బ వేసి, "ఫికర్ జెయ్యకు, కొత్త పెండ్లికొడుకు లెక్కున్నది" అనేవాడు. దారిలో పేలితే అది ముల్లు తప్పు, రోడ్డు తప్పు... సాంబయ్యది కాదు.

జనం మళ్ళీ వచ్చారు. బాపు కూడా.

"సాంబయ్య ఇప్పుడు జర మంచోడయిండు" అన్నాడు ఒకరోజు బాపు, అన్నం తింటూ.

అక్క కూర వేస్తూ వేస్తూ ఆగింది. మళ్ళీ వేసింది.

ఇప్పుడు నా బండికి ట్యూబే లేదు. మేకు దిగినా తెలియదు, గాలి మెల్లగా పోతూనే ఉంటుంది. మెకానిక్కు నవ్వుతూ "ఏం గాదు సార్, పోన్రి" అంటాడు. ఆ మాట వింటేనే నాకు గుబులు... ఇది నడవదు అని ముఖం మీద చెప్పేవాళ్ళు కరువైపోయారు. ఉన్నప్పుడు మేమే బతకనివ్వలేదు.

మీ ఊళ్ళోనూ అట్లాంటి మనిషి ఒకడు ఉండే ఉంటాడు... ఆయన నోరు ఎవరు మూయించారో, ధైర్యం ఉంటే కింద రాయండి.